నాన్న చూడాలనుకున్న గ్రౌండ్: ధర్మశాలలో నాలుగు రోజులు

మా నాన్న టీవీలో మ్యాచ్ చూస్తున్నా సరే, స్కోరు చేత్తో రాసుకునేవాడు. రూళ్ళ నోట్‌బుక్, బంతికో చుక్క, వికెట్ పడితే ఎర్ర ఇంకుతో గుండ్రం. 2017 మార్చి 25 పేజీలో హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాలలో ఆస్ట్రేలియాతో జరిగిన అక్కడి మొట్టమొదటి టెస్టు ఉంది. ఆ రోజే తొలి టెస్టు ఆడిన కుల్దీప్ యాదవ్ పేరు పక్కన నాలుగు ఎర్ర గుండ్రాలు. పేజీ అడుగున "ఈ గ్రౌండ్ చూడాలి. అందరం" అని రాసి ఉంది. పోయినేడు నాన్న పోయాక అల్మరా సర్దుతుంటే అమ్మకి ఆ పేజీ కనబడింది. ఈ అక్టోబర్‌లో అమ్మ, నేను, తమ్ముడు, మరదలు, తొమ్మిదేళ్ళ మేనల్లుడు బయల్దేరాం.

వెళ్ళేటప్పుడు ఢిల్లీ నుంచి రాత్రి బస్సెక్కాం. కొండ మలుపులు మొదలయ్యాక పిల్లాడికి వాంతులు, అమ్మకి నిద్ర లేదు. తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో పఠాన్‌కోట్ వచ్చి రైలెక్కాం. పెద్దవాళ్ళు, పిల్లలు ఉంటే రెండు వైపులా ఇదే నయం.

ఏ ఊళ్ళో గది తీసుకున్నా, సామాను దించకముందే నాన్న మూడు పనులు చేసేవాడు. కొళాయి తిప్పి వేణ్ణీళ్ళు వస్తున్నాయా అని చూసేవాడు. కిటికీ తెరిచి ఎండ ఎటు నుంచి పడుతుందో చూసేవాడు. తర్వాత, "మా డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడండీ?" అని అడిగేవాడు. ధర్మశాలకి పైన కొండమీదున్న మెక్లియోడ్‌గంజ్ నడిబొడ్డున మేం బుక్ చేసిన హోటల్ మూడింటిలోనూ తప్పింది. ఫొటోలో మంచుకొండలు చూపించిన కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. వేణ్ణీళ్ళు పొద్దున గంటసేపే. మా టాక్సీ డ్రైవర్ సంగతి అడిగితే "కారులో పడుకుంటారు కదా" అన్నారు. అప్పటికే చలి వణికిస్తోంది. అమ్మ ఒక్క మాటే అంది: "మీ నాన్నయితే ఇక్కడ ఉండనిచ్చేవారు కాదు." మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి ధరమ్‌కోట్ వైపు పలకరాళ్ళ కప్పున్న ఒక హోమ్‌స్టేకి మారాం. డ్రైవర్‌కి వేరే గది, రెండు రజాయిలు ఇచ్చారు. పొద్దున ఎండ తిన్నగా అమ్మ మంచం మీదే పడింది. లోటు ఒక్కటే: రోడ్డు నుంచి పది నిమిషాలు మెట్లెక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బుక్ చేసేముందు మెట్లెన్నో అడిగి తెలుసుకోండి.

స్టేడియం కింద ధర్మశాల ఊళ్ళో, సుమారు 1,450 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మ్యాచ్ లేని రోజు టికెట్ కొనుక్కుని స్టాండ్‌లోకి వెళ్ళొచ్చు కానీ గడ్డి మీదికి దిగనివ్వరు. మధ్యాహ్నానికి మబ్బులు కమ్మేస్తాయి కాబట్టి పొద్దున్నే వెళ్ళాం. పచ్చటి మైదానం, దాని వెనక ధౌలాధార్ కొండలు నిటారుగా. టీవీలో ఎన్నిసార్లు చూసినా ఆ కొండలు ఇంత దగ్గరగా ఉంటాయనుకోలేదు. అమ్మ సంచిలోంచి నోట్‌బుక్ తీసి పక్క సీట్లో పెట్టింది. ఎర్ర ఇంకు వెనక పేజీకి కూడా దిగింది. వేలితో ఒక్కో గుండ్రం మీద ఆగుతూ "ఇది వార్నర్ది. క్యాచ్ రహానేది" అని చదివింది. అమ్మకి క్రికెట్ వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. నాన్న రాస్తుంటే పక్కన కూర్చుని కూరలు తరిగేది, అలా వచ్చిందట. అక్కడ గంటన్నర ఉన్నాం. ఎవరూ లేవమనలేదు.

రోప్‌వే బాగుంది. కింది ఊరి నుంచి మెక్లియోడ్‌గంజ్‌కి ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా పైకొచ్చేస్తాం. భాగ్సు జలపాతం దగ్గర మాత్రం విపరీతమైన జనం, మాకు తృప్తి కలగలేదు. దేవదారు చెట్ల మధ్య 1852లో కట్టిన సెయింట్ జాన్ చర్చి తప్పకుండా చూడండి. 1905 భూకంపంలో చుట్టుపక్కలంతా నేలమట్టమైనా ఇది నిలబడింది. వెనకాల సమాధుల దగ్గర అమ్మ చాలాసేపు తిరిగింది. ఏ రాయి మీద ఎవరు ఎవరికోసం రాయించారో నన్ను చదివి చెప్పమంది.

ఇక త్రియుండ్ కొండ ఎక్కడం. ఎత్తు సుమారు 2,850 మీటర్లు. గల్లూ గుడి దాకా టాక్సీ వెళ్తుంది, అక్కణ్ణుంచి ఆరేడు కిలోమీటర్లు నడక. మొదటి సగం ఓక్ చెట్ల నీడలో హాయిగా సాగుతుంది. చివరి కిలోమీటరులోనే అసలు ఏటవాలు, దాన్ని ఇరవై రెండు మలుపులంటారు. ఏడింటికల్లా బయల్దేరాలి. బూట్లు జారనివి కావాలి, చెప్పులతో వచ్చి అవస్థ పడేవాళ్ళని చూశాం. వర్షాకాలంలో అసలు పెట్టుకోవద్దు.

చిన్నప్పుడు ఏ కొండెక్కినా నాన్న అందరికంటే వెనక నడిచేవాడు. కాలేజీ వాలీబాల్ టీమ్‌లో ఆడిన మనిషి, తల్చుకుంటే మా అందరికంటే ముందు పైకి చేరగలడు. కానీ మాలో ఎవరు మెల్లగా నడిస్తే వాళ్ళ వెనకే ఉండేవాడు. మెడలో విజిల్. ఎవరైనా ఆగితే ఒకసారి ఊదేవాడు, ముందున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి.

సగం దారిలో టీ కొట్టు దగ్గర అమ్మ మోకాలు ఇక రానంది. "మీరు వెళ్ళండి, నేనిక్కడే కూర్చుంటాను" అంది. తమ్ముడివాళ్ళని పంపి నేను అమ్మ దగ్గర ఉండిపోయాను. అందుకే పైన ఎలా ఉంటుందో నా కళ్ళతో చూసి చెప్పలేను. మంచుకొండ ఎదురుగా గోడలా నిలబడి ఉంటుందని, గాలికి మాట వినబడదని తమ్ముడు చెప్పాడు.

వాళ్ళు పై మలుపు తిరగబోతుండగా అమ్మ కొంగుముడి విప్పింది. లోపల నాన్న విజిల్. ఇంటి నుంచీ తెచ్చిందని నాకు తెలియదు. పెదాల మధ్య పెట్టుకుని ఒకసారి ఊదింది.

పైన పిల్లాడు ఆగాడు. వెనక్కి తిరిగి, చేతులు రెండూ నోటి దగ్గర పెట్టుకుని, "నానమ్మా, ఆగామూ!" అని అరిచాడు.