ఆల్బర్టా బిట్యుమెన్: అక్కడే డీజిల్ చేస్తే మేలా, పల్చబరిచి పంపేస్తే మేలా?

ఖనిజం ఎగుమతి చేసే బదులు ఉక్కు చేసి అమ్ముకోవాలన్న మాట మనకు కొత్త కాదు. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో చమురు గురించి ఇదే వాదన ఏళ్ల తరబడి నడుస్తోంది. ముడిసరుకు మనది, దాన్ని శుద్ధి చేసి లాభపడేది అమెరికా రిఫైనరీలా అని. వినగానే సరే అనిపిస్తుంది. లెక్క వేస్తే మాత్రం అంత తేలిగ్గా సరే అనలేం.

ముందు సరుకు సంగతి. ఫోర్ట్ మెక్‌ముర్రే చుట్టుపక్కల ఇసుకలో దొరికే బిట్యుమెన్ (తారులాంటి చిక్కటి చమురు) చలికి ముదురుపాకంలా బిగుసుకుపోతుంది. అందులో ఇంచుమించు సగం మామూలు పద్ధతిలో ఆవిరి చేయలేని మడ్డి. గంధకం కూడా 4-5 శాతం ఉంటుంది. దీన్ని సొమ్ము చేసుకోవడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, దాదాపు 30 శాతం కాండెన్సేట్ (సహజవాయువుతో పాటు దొరికే పల్చటి తేలిక చమురు) కలిపి పల్చబరిచి పైప్‌లైన్‌లోకి వదలడం. దీన్ని డిల్బిట్ అంటారు. ఖర్చు తక్కువ, కానీ ధర ఎప్పుడూ తేలిక చమురు కంటే తక్కువే పలుకుతుంది. పైప్‌లైన్లు నిండిపోతే ఇక చెప్పక్కర్లేదు. 2018 చివర్లో ఆ తేడా బ్యారెల్‌కు 40 అమెరికన్ డాలర్లు దాటింది. 2019 జనవరి నుంచి ప్రభుత్వమే ఉత్పత్తి మీద కోత పెట్టాల్సి వచ్చింది. ఒలికితే వచ్చే కష్టం వేరు. 2010లో మిషిగన్‌లోని కలమజూ నదిలో పడ్డ డిల్బిట్‌లో బరువైన భాగం అడుక్కి చేరి, శుభ్రం చేయడానికి ఏళ్లు పట్టింది.

రెండోది అప్‌గ్రేడర్. మడ్డిని విరిచి, గంధకం తీసి, తేలికైన సింథటిక్ క్రూడ్‌గా మార్చడం. 1967 నుంచీ అక్కడ ఈ పని జరుగుతోంది. గని పక్కనే ఉన్న పాత అప్‌గ్రేడర్లు బాగానే నడుస్తున్నాయి. కొత్తది కట్టడమే కష్టం. అమెరికాలో షేల్ చమురు వెల్లువెత్తి తేలిక చమురుకు గిరాకీ తగ్గాక, సన్‌కోర్, టోటల్ కలిసి తలపెట్టిన వాయేజర్ అప్‌గ్రేడర్‌ను 2013లో మధ్యలోనే వదిలేశాయి.

మూడోది అసలు గొడవంతా రేపినది: బిట్యుమెన్ తీసుకుని నేరుగా డీజిల్ ఇచ్చే రిఫైనరీ. ఎడ్మంటన్‌కు ఈశాన్యాన ఉన్న స్టర్జన్ రిఫైనరీయే దీనికి ఉదాహరణ. రోజుకు 79 వేల బ్యారెళ్ల డిల్బిట్ తీసుకోగలదు. అందులో అసలు బిట్యుమెన్ 50 వేలు. కలిపిన కాండెన్సేట్‌ను విడదీసి మళ్లీ వాడకానికి ఇస్తుంది. మిగిలిన మడ్డిని గ్యాస్‌గా మార్చి తనకు కావలసిన హైడ్రోజన్ చేసుకుంటుంది. ఆ క్రమంలో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను 240 కిలోమీటర్ల ట్రంక్ లైన్‌లో పాత చమురు బావులకు పంపుతుంది. ఇంజినీరింగ్‌గా చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

డబ్బు దగ్గరే ముచ్చట తీరిపోతుంది. 2012లో అనుమతి ఇచ్చినప్పుడు 570 కోట్ల కెనడా డాలర్లన్నారు, అయ్యేసరికి దాదాపు 1,000 కోట్లు. బిట్యుమెన్‌ను శుద్ధి చేసినందుకు రిఫైనరీకి ఇచ్చే ప్రాసెసింగ్ చార్జీలో 75 శాతం కడతామని ఆల్బర్టా ప్రభుత్వ సంస్థ మాట ఇచ్చింది. లాభమొచ్చినా రాకపోయినా కట్టాల్సిందే. బిట్యుమెన్‌తో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది 2020 జూన్‌లో. అప్పు తాలూకు చార్జీల చెల్లింపు మొదలైంది 2018లో! 2021లో ప్రభుత్వమే 42.5 కోట్ల డాలర్లిచ్చి సగం వాటా కొని, ఒప్పందాన్ని మరో పదేళ్లు, అంటే 2058 దాకా పొడిగించింది.

పైప్‌లైన్ వాళ్లేమీ పొదుపరులు కారు. పసిఫిక్ తీరానికి వెళ్లే ట్రాన్స్ మౌంటెన్ విస్తరణకు దాదాపు 3,400 కోట్ల కెనడా డాలర్లయింది. కానీ రోజుకు 5.9 లక్షల బ్యారెళ్ల అదనపు సామర్థ్యం వచ్చింది. భాగిస్తే రోజువారీ బ్యారెల్ సామర్థ్యానికి సుమారు 58 వేల డాలర్లు. స్టర్జన్‌లో డిల్బిట్ లెక్కనే తీసుకున్నా సుమారు 1.27 లక్షలవుతుంది. ఒకటి రవాణా, ఇంకొకటి తయారీ, నిజమే. అయితే తయారైన డీజిల్‌కు కూడా స్థానిక అవసరం దాటాక రవాణా కావాలి కదా.

పైగా 2024 మేలో ఆ లైన్ తెరుచుకున్నాక ధరల తేడా బాగా తగ్గింది. రిఫైనరీ బతికేదే ఆ తేడా మీద. మూడు నాలుగు దశాబ్దాల పాటు బరువు చమురు చవగ్గానే దొరుకుతుందని కాసిన పందెం అది. ఒక్క పైప్‌లైన్‌తో ఆ లెక్క తారుమారవుతుంది. మడ్డిని విరిచే కోకర్లు ముందే కట్టుకున్న రిఫైనరీలు అమెరికాలోనే కాదు, మన జామ్‌నగర్‌లోనూ ఉన్నాయి. 2024లో రిలయన్స్ ఈ రకం చమురు కొన్నది కూడా.

అందుకే నా ఓటు పైప్‌లైన్‌కు, ఆ తర్వాత ఉన్న అప్‌గ్రేడర్ల విస్తరణకు. హెచ్‌పీసీఎల్ విశాఖ రిఫైనరీలో మడ్డిని విరిచే యూనిట్ చేపట్టడాన్ని చూపి 'అక్కడ కుదిరితే ఇక్కడెందుకు కుదరదు' అనొచ్చు. స్టర్జన్‌లోది, విశాఖలోది చెవ్రాన్ లమ్మస్ అనే సంస్థ కుటుంబానికి చెందిన టెక్నాలజీయే. కానీ విశాఖలో రిఫైనరీ ఎప్పటి నుంచో ఉంది, పక్కనే రేవు, గేటు బయటే మార్కెట్. ఆల్బర్టాలో ఇవన్నీ కొత్తగా సమకూర్చుకోవాలి. స్టర్జన్ రెండో, మూడో దశలు కడతామంటే నేను అడిగేది ఒక్కటే: చార్జీల పూచీ ఈసారి ప్రైవేటు కంపెనీలే తీసుకుంటాయా? తీసుకుంటామంటే నిక్షేపంగా కట్టుకోమనండి.