అందరికీ వైద్యమా, పేదలకేనా?

ప్రభుత్వ డబ్బుతో వైద్యం అంటే ముఖ్యంగా రెండు దారులు. బ్రిటన్‌లో 1948లో మొదలైన ఎన్‌హెచ్‌ఎస్‌ (జాతీయ ఆరోగ్య సేవ)లా ఆదాయం చూడకుండా అందరికీ ఇవ్వడం ఒకటి. అమెరికాలో 1965లో వచ్చిన మెడికెయిడ్‌లా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకే ఇవ్వడం రెండోది.

పేదలకే అంటే న్యాయంగానే అనిపిస్తుంది, ఉన్నవాళ్లకెందుకు అని. చిక్కంతా ఆదాయానికి గీసే గీత దగ్గరే. జీతం కాస్త పెరిగి గీత దాటితే కార్డు పోతుంది, అందుకే ఓవర్‌టైమ్ ఇస్తామన్నా వద్దనేవాళ్లుంటారు. పైగా ఒంట్లో బాగాలేని మనిషి ఆదాయం కాగితాలు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరగాలి.

అందరికీ ఇస్తే ఈ గొడవ ఉండదు. (అన్నీ ఉచితం అనుకోకండి, బ్రిటన్‌లో 1952లోనే మందుల చీటీకి రుసుము పెట్టారు.) ఇక్కడ హద్దు క్యూ రూపంలో వస్తుంది. మోకాలి ఆపరేషన్‌కి నెలల తరబడి ఎదురుచూడాలి. కొత్త మందు ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తుందా అన్నది అక్కడి నైస్ అనే ప్రభుత్వ సంస్థ లెక్కేస్తుంది. పూర్తి ఆరోగ్యంతో ఒక ఏడాది అదనంగా బతకడానికి 20,000 నుంచి 30,000 పౌండ్లు అన్నది చాలాకాలం దాని కొలత. ప్రాణానికి రేటు కడతారా అని మొదట నాకూ ఒళ్లు మండింది. కానీ ఆ లెక్క బయట పెట్టి వేస్తారు, తప్పనిపిస్తే అడగొచ్చు. నా ఓటు అందరికీ వైద్యానికే, క్యూ ఎంత విసిగించినా.