రెండు గిట్ రిపోలు ఒకటి చేయాలంటే ఏది మేలు: నేరుగా మెర్జా, సబ్‌ట్రీనా, సబ్‌మాడ్యూలా?

నేనుండేది అనంతపురం, నాతో పనిచేసే తమ్ముడు ఉండేది కడప. వేరుశనగ కొనుగోళ్ల లెక్క రాసుకునే యాప్ నాది, దానికి బిల్లు తీసే ప్రోగ్రాం వాడిది. రెండేళ్లు విడివిడిగా పెరిగాక రెండూ ఒకే గిట్ రిపోలో (కోడ్‌నూ, దానికి చేసిన ప్రతి మార్పునూ దాచుకునే చోటు) ఉంటే మేలనుకున్నాం. అరగంట పనే కదా అని రాత్రి భోంచేసి కూర్చుంటే తెల్లారింది.

మొదట వాడు తన ఫోల్డర్ మొత్తం కాపీ చేసి నా రిపోలో పేస్ట్ చేశాడు. యాడ్ చేసినప్పుడు ‘ఎంబెడెడ్ గిట్ రిపోజిటరీ’ అని గిట్ హెచ్చరించింది కానీ ఆ నాలుగు లైన్లు ఎవరు చదువుతారు, పుష్ కొట్టేశాడు, అంటే సర్వర్‌కి పంపేశాడు. నేను క్లోన్ చేస్తే (నా కంప్యూటర్‌లోకి కాపీ దింపుకుంటే) ఫోల్డర్ ఖాళీ. ‘నా దాంట్లో ఉండాది గదన్నా’ అంటాడు వాడు. విషయమేంటంటే, లోపల చరిత్రంతా ఉంచే డాట్ గిట్ ఫోల్డర్ దాక్కుని ఉంటే గిట్ ఫైళ్లను తీసుకోదు, ఫలానా కమిట్ (మెసేజ్ రాసి భద్రపరిచిన మార్పు) అని ఒక గుర్తు మాత్రం రాసుకుంటుంది. గిట్ ఆర్‌ఎమ్ క్యాష్డ్‌తో ఆ గుర్తు తీసేసి, లోపలి డాట్ గిట్‌ను వేరేచోట దాచి, మళ్లీ యాడ్ చేస్తే ఫైళ్లొస్తాయి, పాత కమిట్లు మాత్రం రావు. అవి అక్కర్లేదనుకుంటే నిజంగా ఇదే చాలు. మాకు కావాలి, పైసలు రౌండ్ చేసే లైను ఎందుకు మార్చాడో ఆ కమిట్ మెసేజ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు, వాడికి కూడా గుర్తు లేదు!

సరే అని వాడి రిపో చిరునామాను నా దానికి రిమోట్‌గా చేర్చి, ఫెచ్ చేసి (అందులోని కమిట్లు తెచ్చుకుని), రెండు చరిత్రలనూ కలిపే మెర్జ్ కొట్టాం. ‘రెఫ్యూజింగ్ టు మెర్జ్ అన్‌రిలేటెడ్ హిస్టరీస్’ అంది. 2016లో వచ్చిన గిట్ 2.9 నుంచి ఇదే వరస, రెండు వైపులా కలిసే పాత కమిట్ ఒక్కటైనా లేకపోతే ఒప్పుకోదు. పెళ్లి సంబంధాల్లో గోత్రం కలిస్తే వద్దంటారు, గిట్ కలవకపోతే వద్దంటుంది. అలౌ అన్‌రిలేటెడ్ హిస్టరీస్ అనే ఫ్లాగ్ (కమాండ్‌తో పాటు ఇచ్చే సూచన) పెడితే వదిలేస్తుంది, ఇంటర్నెట్‌లో అందరూ చెప్పేదీ అదే. కానీ అసలు తలనొప్పి అక్కడే మొదలు: రీడ్‌మీ, గిట్ ఇగ్నోర్ రెండు వైపులా ఉంటాయి కాబట్టి కాన్‌ఫ్లిక్ట్‌లు, అంటే ఏది ఉంచాలో గిట్ తేల్చుకోలేని గొడవలు. అవైనా కంటికి కనపడతాయి. పేర్లు వేరైన ఫైళ్లు మాత్రం చప్పుడు లేకుండా ఒకే ఎస్‌ఆర్‌సీ (సోర్స్ కోడ్) ఫోల్డర్‌లో కలిసిపోయి ఏది ఎవరిదో తెలియకుండా పోతాయి. మెర్జ్ అబార్ట్ కొట్టి వెనక్కొచ్చాం.

నా ఓటు సబ్‌ట్రీకి, అంటే ఇంకో రిపోను ఒక సబ్‌ఫోల్డర్‌గా చేర్చుకోవడానికి. గిట్ సబ్‌ట్రీ యాడ్‌కి ప్రిఫిక్స్‌గా ఒక కొత్త ఫోల్డర్ పేరు ఇస్తే వాడి కోడ్ అంతా అందులోకి వస్తుంది, కమిట్లతో సహా, కాన్‌ఫ్లిక్ట్ ఊసే ఉండదు. ‘వర్కింగ్ ట్రీ హ్యాజ్ మాడిఫికేషన్స్’ అంటే మీరు కమిట్ చేయని మార్పులున్నాయని, ప్రిఫిక్స్ ముందే ఉందంటే ఆ పేరుతో ఫోల్డర్ ఉందని, అంతే. లోపం ఒకటుంది: పాత కమిట్లలో ఫైళ్లు పాత దారిలోనే ఉంటాయి కాబట్టి ఒక్క ఫైలు లాగ్ (దాని కమిట్ల జాబితా) అడిగితే కలిపిన కమిట్ మాత్రమే చూపిస్తుంది. అదీ కుదరాలంటే చరిత్రను తిరగరాసే గిట్ ఫిల్టర్ రిపో అనే టూల్ విడిగా ఇన్‌స్టాల్ చేసుకుని, వాడి రిపోకు తాజా క్లోన్ తీసి, చరిత్రనంతా ముందే సబ్‌ఫోల్డర్‌లోకి జరిపి, అప్పుడు ఆ ఫ్లాగ్‌తో మెర్జ్ చేయాలి. కమిట్ హ్యాష్‌లన్నీ (ఒక్కో కమిట్‌కి ఉండే గుర్తింపు కోడ్‌లు) మారిపోతాయి, పాత హ్యాష్‌లు ఎక్కడైనా రాసుకుని ఉంటే పనికిరావు.

సబ్‌మాడ్యూల్ చెడ్డదేం కాదు, కానీ కలపడం కాదది, రెండు రిపోలనూ విడివిడిగానే ఉంచి పక్కపక్కన కట్టేయడం. అదే బిల్లింగ్‌ను రేపు ఆదోనిలో పత్తి వ్యాపారికీ ఇస్తామంటే అప్పుడు సబ్‌మాడ్యూలే సరి. రికర్స్ సబ్‌మాడ్యూల్స్ అనకుండా క్లోన్ చేస్తే మళ్లీ అదే ఖాళీ ఫోల్డర్, సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ ఇనిట్ కొడితే నిండుతుంది. లోపలిది పుష్ చేయకుండా బయటిది పుష్ చేస్తే మాత్రం అవతలివాడికి ఆ కమిట్ దొరకదు. ఇద్దరమే ఉన్న చోట ఈ టెన్షన్ ఎందుకు?

సబ్‌ట్రీతోనే చేశాం. పొద్దున్నే కడప నుంచి ఫోన్, ‘ఆ ఫైలు లాగ్‌లో నీ పేరే ఉండాదన్నా, రాసింది నేను కదా’ అని. గిట్ బ్లేమ్ కొట్టి చూడమన్నాను, లైను లైనుకూ వాడి పేరే, ఆ రౌండింగ్ తప్పుతో సహా.