వీఆర్‌లో భారతం మిట్ట: స్ట్రీమర్ల కోసం లైవ్ చేసే మా సెటప్ గురించి, చాలాకాలం వాడాక

వీఆర్‌లో (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్ళకు హెడ్‌సెట్ పెట్టుకుని చూసే కంప్యూటర్ లోకం) లైవ్ కార్యక్రమం చేయాలనుకునే వాళ్ళు నన్ను మొదట అడిగేది ఏ హెడ్‌సెట్ కొనాలని. హెడ్‌సెట్ చివర కొనండి అంటాను. ముందు మంచి కెమెరామన్‌ను చూసుకోండి, తర్వాత సౌండ్ మిక్సరు, మైకులు. కార్యక్రమం లోపల ఉండేది కొద్దిమంది. బయటి నుంచి చూసేవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు, అదీ చేతిలో ఫోన్ పట్టుకుని. వాళ్ళ కంటికి ఏం కనబడింది, చెవికి ఏం వినబడింది అన్నదాని మీదే అంతా నిలబడుతుంది.

మాది తిరుపతి. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు లైవ్ ఇచ్చే చిన్న యూనిట్. దాంతోపాటు వీఆర్‌చాట్‌లో (అందరూ బొమ్మల రూపంలో కలుసుకునే యాప్) భారతం మిట్ట, అంటే భారతం ఆడే స్థలం, ఒకటి కట్టుకుని, అక్కడ మా చిత్తూరు పక్క వీధి నాటకం ఆడిస్తున్నాం. ఆడేది పల్లెల్లో ఆడే కళాకారులే. అతిథులుగా వచ్చేది తెలుగు స్ట్రీమర్లు, హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ అమెరికా నుంచీ. ఎవరి ఛానల్లో వాళ్ళు లైవ్ పెట్టుకుంటారు, మా కెమెరాల ఫీడ్ మేం ఇస్తాం.

మా వైపు తెలియని వాళ్ళకు ఒక మాట. ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల పాటు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లారేదాకా నాటకం. అర్జునుడి వేషం కట్టినాయన పద్యాలు పాడుకుంటూ తపస్సు మాను ఎక్కుతాడు, పైనుంచి నిమ్మకాయలు, పూలు విసురుతాడు. చివర్లో నేల మీద పడుకోబెట్టిన పెద్ద మట్టి దుర్యోధనుడి తొడను భీముడు గదతో కొడతాడు, ఆ పైన నిప్పుల గుండం తొక్కుతారు. ఇందులో తపస్సు, దుర్యోధన వధ మాత్రమే మేం వీఆర్‌కు తీసుకున్నాం. గుండం ముట్టుకోలేదు. అది మొక్కు, ప్రదర్శన కాదు.

ఇక హెడ్‌సెట్ సంగతి. కళాకారులకు మెటా కంపెనీ క్వెస్ట్ 3 వాడుతున్నాం. 2023 అక్టోబరులో వచ్చింది, బరువు 515 గ్రాములు, కంటికి 2064 బై 2208 పిక్సెళ్ళు. లెన్సులు పాన్‌కేక్ రకం (పలచటివి) కాబట్టి చూపు అంచుల దాకా స్పష్టంగా ఉంటుంది. దీనికి ముందు క్వెస్ట్ 2 పెట్టుకున్న కళాకారులు ఈ తేడా వెంటనే చెప్పారు, పక్కనున్న వేషగాడి మొహం చూడాలంటే తల మొత్తం తిప్పక్కర్లేదని. ఛార్జింగ్ రెండు గంటలకు అటూ ఇటూ వస్తుంది. తెల్లారేదాకా ఆడే నాటకానికి అది ఏ మూలకూ చాలదు. అందుకే ఒక ఘట్టాన్ని గంటలోపు ముగిసేలా రాయించుకున్నాం, తల వెనక పవర్ బ్యాంకు కడతాం. అది ఛార్జింగ్‌కే కాదు, ముందుకు లాగే బరువును వెనక్కి సర్దడానికి కూడా పనికొస్తుంది. మే నెలలో తిరుపతి ఎండ నలభై దాటినప్పుడు మొహం మీద అరకిలో పెట్టుకుని పద్యం పాడటం మాటలు కాదు. సిలికాన్ కవరు, మనిషికొక తువ్వాలు తప్పనిసరి. ఏసీ లేని గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

క్వెస్ట్ 3లో కళ్ళను, ముఖ కవళికలను పట్టే సదుపాయం లేదు. క్వెస్ట్ ప్రోలో ఉండేది, ఆ మోడల్ ఆపేశారు. ఆటల వాళ్ళకు ఇది పెద్ద లోటు కాదేమో. వీధి నాటకానికి మాత్రం ప్రాణం మీది లోటు. దుర్యోధన వేషం తెర వెనక నుంచి బయటికొచ్చేటప్పుడు సగం నటన కనుబొమల్లోనే ఉంటుంది. దీనికి మేం కనుక్కున్న దారి చేతి ముద్రలది. వీఆర్‌చాట్ చేతిముద్రలను గుర్తుపట్టి, ఒక్కో ముద్రకు ఒక ముఖభావం తగిలించుకోనిస్తుంది. పిడికిలి బిగిస్తే రౌద్రం, చెయ్యి పూర్తిగా చాపితే అద్భుతం, బొటనవేలు ఎత్తితే హాసం అని పెట్టుకున్నాం. పద్యం పాడే మనిషి చెయ్యి ఊరుకోదు, వేలెత్తి చూపిస్తాడు, అరచెయ్యి తిప్పుతాడు. ముఖభావాలను ఎడమచేతికి మాత్రమే వదిలి, కుడిచేతిని అభినయానికి ఇచ్చేశాం. మా పెద్దాయన ఒకరు మొదట ఒప్పుకోలేదు. “రంగు పూసుకోకుండా అర్జునుడెట్లా అవుతా నాయనా?” అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. రంగు పూసుకోవడానికి పట్టే ఆ రెండు గంటల్లోనే మనిషి పాత్రలోకి పోతాడు. ఇప్పుడు ఆటకు ముందు ఆ సమయం వాళ్ళకు విడిగా ఇస్తున్నాం. గజ్జెలు మాత్రం నిజంగానే కట్టుకుంటారు, నేల మీద పెట్టిన మైకు ఆ చప్పుడు పట్టుకుంటుంది.

గజ్జెలు అన్నాక కాళ్ళ గురించి చెప్పాలి. హెడ్‌సెట్ ఒక్కదాంతో అయితే కాళ్ళు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్ ఊహించి వేస్తుంది. అడుగు పడాల్సిన చోట పడదు. నడుముకు, తొడలకు, చీలమండల దగ్గర స్లైమ్‌వీఆర్ ట్రాకర్లు కట్టాం. ఇవి లోపలి సెన్సర్లతో కదలికను లెక్కగట్టే రకం, గది మూలల్లో పెట్టెలు బిగించక్కర్లేదు, పీసీ ఆటల్లోనే కాక హెడ్‌సెట్‌లో నేరుగా నడిచే వీఆర్‌చాట్‌కూ పనిచేస్తాయి. ఆ రకానికి ఉన్న గుణం ఏమిటంటే సమయం గడిచేకొద్దీ దిశ జరుగుతుంది. గట్టిగా అడుగేస్తే ఇంకా తొందరగా జరుగుతుంది. ప్రతి దరువు ముగిశాక నటుడు నిటారుగా నిలబడి ఒకసారి రీసెట్ చేసుకుంటాడు. ఆ విరామాన్ని వంతపాట నింపుతుంది.

వేషాల తయారీలో ఎక్కువ శ్రమ కిరీటం, భుజకీర్తుల దగ్గరే పడింది. వీఆర్‌చాట్ ప్రతి అవతార్‌కూ (లోపల మనం కనబడే బొమ్మ) పనితీరు ర్యాంకు ఇస్తుంది. హెడ్‌సెట్‌లో, ఫోన్‌లో నడిచే రకానికి 20,000 త్రిభుజాలు (3డీ బొమ్మను వీటితోనే కడతారు) దాటితే అట్టడుగు ర్యాంకు. అలాంటి అవతార్ ఎదుటివాళ్ళకు మామూలుగా కనబడదు, దాని బదులు ఏదో బొమ్మ కనిపిస్తుంది. డౌన్‌లోడ్ సైజు 10 ఎంబీ దాటకూడదు. భుజకీర్తుల మీది అద్దం ముక్కలన్నీ విడివిడిగా చెక్కితే ఆ లెక్క అక్కడే అయిపోతుంది. అందుకని నిజం భుజకీర్తులను సమంగా పడే వెలుగులో ఫోటో తీసి, ఆ బొమ్మనే పైన పరిచాం. దూరం నుంచి చూస్తే చాలా బాగుంది. దగ్గర షాట్‌లో చదునుగా కనిపిస్తుంది. కెమెరామన్‌కు ఆ సంగతి తెలిసుండాలి.

కెమెరామన్‌కు హెడ్‌సెట్ అక్కర్లేదు. వీఆర్‌చాట్‌లోకి మామూలు పీసీతో, కీబోర్డు మౌసుతో పోవచ్చు. లోపల కెమెరా ఉంది, దాన్ని స్ట్రీమ్ మోడ్‌లో పెడితే అది చూసేదే బయటికి వస్తుంది. కదలికను నున్నగా చేసే సెట్టింగు ఉంది, డ్రోన్‌లా ఎగరేసుకోవచ్చు. అక్కడి నుంచి స్పౌట్ (ఒకే పీసీలో ఒక ప్రోగ్రాం బొమ్మను ఇంకోదానికి అందించేది) ద్వారా ఓబీఎస్‌లోకి (లైవ్ ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్) తెచ్చుకోవచ్చు. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి చూపునే నేరుగా లైవ్ పెడితే ఫోన్‌లో చూసేవాళ్ళకు తల తిరుగుతుంది, మనం తల ఎంత వంచుతామో, ఎంత ఊపుతామో మనకు తెలియదు. మా దగ్గర ఈ పనికి బాగా కుదిరినవాడు ఆటలు ఆడే కుర్రాడు కాదు, పదేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్న మా వీడియోగ్రాఫర్. తాళి కట్టే క్షణానికి ముందే ఎక్కడ నిలబడాలో అతనికి తెలుసు. తెర దించే క్షణమూ అతనికి అట్లాగే తెలుస్తుంది.

మట్టి దుర్యోధనుడి దగ్గర అతని విలువ తెలిసింది. హెడ్‌సెట్‌లో ఆ బొమ్మ పక్కన నిలబడితే ఒళ్ళు జలదరిస్తుంది. ఒక స్ట్రీమరు ఆ తొడ పక్కన నిలబడి కాసేపు మాట్లాడలేకపోయారు. అదే దృశ్యం ఫోన్ తెర మీద వట్టి బొమ్మే. పరిమాణం తెలియాలంటే ఫ్రేములో మనిషి ఉండాలి, కెమెరా నేలకు దగ్గరగా, మెల్లగా కదలాలి. మా కెమెరామన్ స్ట్రీమర్లను పిలిచి తల దగ్గర ఒకరిని, పాదాల దగ్గర ఒకరిని నిలబెట్టి, ఒకే షాట్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు పోయాడు. చూసేవాళ్ళ కామెంట్లు మారింది అక్కడే.

రెండు కెమెరాలు కావాలంటే రెండు పీసీలు, రెండు ఖాతాలు. రెండింటినీ ఎన్‌డీఐతో (లోకల్ నెట్‌వర్క్ మీద వీడియో పంపే పద్ధతి) మూడో పీసీలోని ఓబీఎస్‌కు పంపుతాం. ఒక్కో ఫుల్ హెచ్‌డీ ఫీడ్ 100 మెగాబిట్లకు పైన తింటుంది. గిగాబిట్ స్విచ్, కేబుళ్ళు పెట్టుకోండి, వైఫైని నమ్ముకోవద్దు.

శబ్దం గురించి ఎంత చెప్పినా తక్కువే. హార్మోనియం ఒక ఊళ్ళో, మృదంగం ఇంకో ఊళ్ళో పెట్టి వీఆర్‌లో కలుపుదామనే ఆలోచన వదిలేయండి. ఇంటర్నెట్‌లో మాట పోయి రావడానికి పట్టే ఆలస్యంలో తాళం నిలవదు. మా మేళమంతా తిరుపతిలో ఒకే హాల్లో కూర్చుంటుంది, ముఖవీణ, హార్మోనియం, మృదంగం, తాళాలు, వంతపాట. నటులు అదే హాల్లో, ఒక్కొక్కరికి కనీసం 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు చోటుతో. కాబట్టి దరువు నేరుగా చెవిన పడుతుంది. అన్ని మైకులూ మిక్సరుకు, మిక్సరు నుంచి నేరుగా ఓబీఎస్‌కు. ప్రసారంలో వినబడేది వీఆర్ దాటి వచ్చిన శబ్దం కాదు.

అయితే బొమ్మ వీఆర్ దాటి వస్తుంది కదా, రవంత వెనకబడుతుంది. ఆట మొదలయ్యే ముందు నటుడి చేత చప్పట్లు కొట్టించి, చేతులు కలిసే చోటికి శబ్దం వచ్చేలా ఓబీఎస్‌లో ఆడియో ఆలస్యం సరిపెడతాం. నెట్ వేగం మారితే ఇదీ మారుతుంది, విరామంలో మళ్ళీ చూసుకోవాలి.

లోపలున్న స్ట్రీమర్లకు మాత్రం వీఆర్‌చాట్ గొంతే దిక్కు. మూడు సంగతులు గుర్తుంచుకోండి. వీఆర్‌చాట్‌లో నాయిస్ సప్రెషన్ ఆన్‌లో ఉంటే హార్మోనియం శ్రుతిని ఫ్యాను మోతనుకుని తీసేస్తుంది, మేళం ఖాతాలో దాన్ని ఆపండి. గొంతు మామూలుగా 25 మీటర్ల దాకానే వినబడుతుంది. తపస్సు మాను చివరన ఉన్న అర్జునుడి పద్యం కింద వాళ్ళకు అందదు. ఆ దూరాన్ని ఉడాన్ (వీఆర్‌చాట్ లోకాలకు ప్రోగ్రాం రాసే పద్ధతి) స్క్రిప్టుతో పెంచాలి, నటుల గొంతుకే, అతిథులవి వద్దు. మూడోది, లోపల దరువూ పాటా కొంచెం అటూ ఇటూ అవుతాయి. స్ట్రీమర్లకు ముందే చెప్పి, వాళ్ళ ఛానల్లో మా మిక్సింగ్ శబ్దమే వాడమంటాం.

ఆ శబ్దాన్ని, కెమెరా ఫీడ్‌ను వాళ్ళకు చేర్చడానికి వీడీఓ.నింజా అనే వెబ్‌సైటు బాగా పనికొచ్చింది. ఉచితం, లింకు ఇస్తే వాళ్ళ ఓబీఎస్‌లో బ్రౌజర్ సోర్సుగా పెట్టుకుంటారు, ఆలస్యం చాలా తక్కువ. కాకపోతే అది మన పీసీ నుంచి ఒక్కొక్కరికీ విడిగా పోతుంది, స్ట్రీమర్లు పెరిగేకొద్దీ మన అప్‌లోడ్ భారం అన్ని రెట్లు పెరుగుతుంది. నలుగురైదుగురి దాకా సరే, ఆపైన మధ్యలో ఒక సర్వరు పెట్టుకోవడం మేలు.

స్ట్రీమర్లు చాట్‌తో మాట్లాడుకుంటారు కాబట్టి యూట్యూబ్‌లో అతి తక్కువ ఆలస్యం మోడ్ పెట్టమంటాం. ఆ మోడ్‌లో 4కే రాదు, 1080 చాలు. అయినా కొన్ని సెకన్లు తేడా ఉంటుంది. “నిమ్మకాయ నాకు వెయ్యమనండి” అని చాట్‌లో ఎవరో అడిగేసరికి అర్జునుడు విసిరేసి ఉంటాడు. అందుకని తపస్సులో నిమ్మకాయలు విసిరే ముందు ఒక పద్యం అదనంగా పెట్టించాం, చాట్ అందుకునే వ్యవధి కోసం. ప్రేక్షకుల పేర్లు స్ట్రీమర్లు చదివి వినిపిస్తే అర్జునుడు ఆ పేరు పెట్టి విసురుతాడు. మొత్తం కార్యక్రమంలో జనం ఎక్కువగా తలుచుకునేది ఇదే.

లోపలికి ఎవరు రావాలన్నది కచ్చితంగా పట్టించుకోవాలి. వీఆర్‌చాట్‌లో ఒక గదిలో 80 మందికి మించి పట్టరు. తలుపు తెరిచి పెడితే స్ట్రీమ్ చూస్తూ దూరేవాళ్ళు ఉంటారు. గ్రూపు పెట్టి, పిలిచిన వాళ్ళకే తెరుస్తాం, బయటికి పంపే అధికారం ఒకరికి ఇస్తాం. ద్రౌపదమ్మ కథ ఆడుతున్నప్పుడు మధ్యలో ఎవరో వచ్చి పిచ్చి కూతలు కూస్తే కళాకారులు మళ్ళీ ఆ హెడ్‌సెట్ పెట్టుకోరు. వాళ్ళ గౌరవం కాపాడటం మా మొదటి బాధ్యత.

కట్టిన లోకం, వేషాల యూనిటీ ఫైళ్ళు, బ్లెండర్ ఫైళ్ళు (ఇవి 3డీ తయారీ సాఫ్ట్‌వేర్లవి) అన్నీ మీ దగ్గర రెండు చోట్ల దాచుకోండి. ఇలాంటి వీఆర్ వేదికల్లో ఆల్ట్‌స్పేస్‌వీఆర్ 2023 మార్చి 10న మూతపడింది, మొజిల్లా నడిపిన హబ్స్ 2024 మేలో ఆగిపోయింది. అక్కడ లోకాలు కట్టుకున్న వాళ్ళలో మూల ఫైళ్ళు ఉన్నవాళ్ళే వేరేచోట మళ్ళీ నిలబెట్టుకోగలిగేది.

డబ్బు పరిమితంగా ఉన్నవాళ్ళు ఈ వరసలో కొనండి. మంచి మిక్సరు, నాలుగైదు మైకులు. కెమెరాకు గ్రాఫిక్స్ కార్డున్న ఒక పీసీ. రెండో నెట్ కనెక్షన్, అదీ వేరే కంపెనీది. ఒక సాయంత్రం భీముడు గద ఎత్తేసరికి మా ఫైబర్ లైన్ పోయింది, రెండోది ఉండబట్టి ఆట ఆగలేదు. పీసీలకు, రూటరుకు యూపీఎస్. తర్వాత నటులకు క్వెస్ట్ 3, ఆ తర్వాతే ట్రాకర్లు. అతిథులకు హెడ్‌సెట్ లేకపోతే పీసీతో రమ్మనండి, ఉన్న క్వెస్ట్ 2 అయినా క్వెస్ట్ 3ఎస్ అయినా సరిపోతుంది. కళాకారులకు ఇచ్చే సంభావన మాత్రం ఈ లెక్కలో కలపకండి. పల్లెలో రాత్రంతా ఆడితే ఎంతిస్తారో గంట ఆటకూ అంతే ఇవ్వండి.