విశాఖ తీరమా, గోవా తీరమా: వరంగల్ నుంచి వెళ్లేవారికి ఏది మేలు?

సెలవులు దగ్గరపడితే చాలు, హనుమకొండలో బంధుమిత్రులు అడిగే ప్రశ్న ఒకటే: పిల్లలకు సముద్రం చూపించడానికి విశాఖ వెళ్లాలా, గోవా వెళ్లాలా? అందంలో దేనికదే సాటి గనుక, నా దృష్టిలో దీన్ని తేల్చవలసింది మనకు సెలవులు దొరికే నెల.

వేసవిలో రెండూ వద్దు. మన ఎండల కన్నా తీరంలో ఉష్ణోగ్రత తక్కువే అయినా, గాలిలోని తేమకు ఒంటి చెమట ఆరదు. ఇక దసరాకు సద్దుల బతుకమ్మ ఆడనిదే మన ఇళ్లలో ఎవరూ ప్రయాణం కట్టరు. ఆ తర్వాత బయల్దేరితే అది బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్దనే తీరం దాటింది. కాబట్టి అక్టోబరులో గోవాయే మేలు. నైరుతి మేఘాలు పడమటి కనుమలను తాకి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిపించి వెనుదిరిగే వేళకు అక్కడి కొండలు పచ్చగా, దూధ్‌సాగర్ జలపాతం నిండుగా ఉంటాయి.

సంక్రాంతి సెలవులకైతే నా ఓటు విశాఖకే. జనవరిలో గోవాలో పగటి ఎండ 32 డిగ్రీల దాకా ఉంటే, విశాఖలో 28 దగ్గరే ఆగుతుంది. పిల్లలు, పెద్దలు కలిసి రోజంతా తిరగాలంటే ఈ తేడా చిన్నది కాదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగవచ్చు. పైగా సముద్రంతోపాటు కొండలూ దక్కుతాయి: సొరంగాల గుండా సాగే అరకు రైలు, బొర్రా గుహలు, ఆపై మంచు కమ్మిన లోయ. అక్కడ రోడ్డు పక్కన మసాలా పట్టించిన కోడి ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె వేయకపోయినా ముక్క మెత్తగా, వెదురు వాసనతో వస్తుంది.

సముద్రంలో స్నానమే ముఖ్యమనుకునే వారికి మాత్రం దక్షిణ గోవాలోని పాలోలెం వంటి నెమ్మదైన తీరం మంచిది, విశాఖ ఆర్.కె. బీచ్‌లో లోపలికి లాగే అలలున్నాయి గనుక పిల్లలను నీళ్లలోకి దింపకూడదు. రెండు రోజులే తీరిక ఉంటే బాపట్ల దగ్గరి సూర్యలంక సరిపోతుంది.

సంక్రాంతికి సొంతూళ్లకు వెళ్లేవారితో విశాఖ రైళ్లు ముందే నిండిపోతాయి గనుక, 60 రోజుల ముందు రిజర్వేషన్ మొదలైన ఉదయమే టికెట్లు తీసుకోవాలి.