ఆర్కిటెక్టుల రిజిస్ట్రేషన్ చట్టాలు: పేరును కాపాడటమా, పనిని కాపాడటమా – ఏది మేలు?

ఆర్కిటెక్టుల రిజిస్ట్రేషన్ చట్టాలు స్థూలంగా రెండు దారుల్లో నడుస్తాయి. రిజిస్టరులో లేనివారు 'ఆర్కిటెక్ట్' అనే పేరు పెట్టుకోరాదని చెప్పి ఆగిపోయేది ఒకటి. భవనాల డిజైన్ పనినే రిజిస్టరైనవారికి కేటాయించేది రెండోది.

బ్రిటన్‌ది మొదటి దారి. అక్కడ 1931 చట్టం రిజిస్టరును ఏర్పరచింది, 1938 చట్టం 'ఆర్కిటెక్ట్' అనే పేరును అందులో ఉన్నవారికే పరిమితం చేసింది, నేటి 1997 చట్టమూ ఆ బాటలోనే ఉంది. భారతదేశపు 1972 ఆర్కిటెక్టుల చట్టంలోని 37వ సెక్షన్ నిషేధించేది పేరు వాడకాన్నే తప్ప పనిని కాదని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చింది. అంటే రిజిస్టరు కాని వ్యక్తి బోర్డు మీద 'బిల్డింగ్ డిజైనర్' అని రాయించుకుని, స్థానిక నిబంధనలు అడ్డురానంతవరకు, అవే ప్లాన్లు గీయవచ్చు. దీనివల్ల పోటీ పెరుగుతుంది, చిన్న ఇల్లు కట్టుకునేవారికి ఖర్చు తగ్గే వీలుంటుంది. అది తీసిపారేయదగిన మేలు కాదు. అయితే ఈ రక్షణ బోర్డు చదివి మనిషిని ఎంచుకునే యజమానికే అందుతుంది. మెట్లు ఇరుకుగా, బయటికి దారి ఒక్కటే ఉండేలా గీసిన ఆసుపత్రిలో మంటలు లేస్తే చిక్కుకునే రోగి ఆ బోర్డును ఎన్నడూ చూసి ఉండడు, ఆ ఎంపికలో అతని ప్రమేయమూ ఉండదు.

అందుకే జనం గుమిగూడే భవనాల విషయంలో రెండో దారే మేలని నా గట్టి నమ్మకం. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 1897లోనే లైసెన్సు చట్టం చేసింది. అక్కడ చాలా రాష్ట్రాలు చిన్న ఇళ్లకు మినహాయింపు ఇస్తాయి. ఫ్రాన్స్ 1977 జనవరి 3 నాటి చట్టంతో నిర్మాణ అనుమతి కోరే ప్రాజెక్టుకు ఆర్కిటెక్టును తప్పనిసరి చేస్తూనే, సొంతానికి కట్టుకునే వ్యక్తులకు కొంత వైశాల్యం వరకు వెసులుబాటు ఇచ్చింది. ఇప్పుడు ఆ పరిమితి 150 చదరపు మీటర్లు. ప్రమాదం ఎంతో అదుపు అంత అన్న ఈ లెక్క నాకు న్యాయంగా తోస్తుంది.

ఈ దారిలోనూ ఒక పెద్ద లొసుగు ఉంది. సంతకం తప్పనిసరి అయినచోట సంతకమే సరుకవుతుంది: ప్లాను ఒకరు గీస్తారు, దాన్ని చూడనైనా చూడకుండా ఇంకొకరు సంతకం చేస్తారు. ఫ్రాన్స్‌లో ఇటువంటి సంతకాలు నిషిద్ధం. పైగా అక్కడి చట్టం తప్పనిసరి చేసింది అనుమతికి ముందు ప్రాజెక్టు రూపకల్పననే తప్ప కట్టుబడి పర్యవేక్షణను కాదు. కాగితం మీద వెడల్పుగా ఉన్న మెట్లు కట్టేటప్పుడు కుంచించుకుపోకుండా చూడాలంటే, పెద్ద భవనాలకైనా ఆ పర్యవేక్షణ బాధ్యతను సంతకం చేసిన ఆర్కిటెక్టుకే చట్టం అప్పగించాలి.