నల్లగొండ నుంచి కంది ఐఐటీకి: దారి, బస, జపాన్ అప్పు

నల్లగొండ వాళ్లు సంగారెడ్డి దగ్గరి కందిలో ఉన్న హైదరాబాద్ ఐఐటీకి వెళ్లాలంటే ఎంజీబీఎస్ దాకా పోయి సంగారెడ్డి బస్సు వెతుక్కోవాల్సిన పని లేదు. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే మియాపూర్ వరకు ఒకటే లైను. బయటికొస్తే సంగారెడ్డి బస్సులు ఆ రోడ్డు మీదే పోతుంటాయి. మా అక్క కూతుర్ని చేర్పించడానికి మేం ఇలాగే వెళ్లాం. మెట్రో వరకు హాయి. ఆ తర్వాత సూట్‌కేసులతో నిండు బస్సెక్కడం పెద్ద గొడవ. సామానుంటే మియాపూర్ నుంచి క్యాబే నయం.

క్యాంపస్ మాత్రం తీరిగ్గా చూడాల్సిందే. 576 ఎకరాలు. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో అరువు గదుల్లో మొదలైన ఐఐటీ 2015లో ఇక్కడికి మారింది. మొదట్లో దీన్ని చెయ్యిపట్టి నడిపింది మద్రాసు ఐఐటీ. ఆ మద్రాసు ఐఐటీ 1959లో పశ్చిమ జర్మనీ సాయంతో పుట్టింది. కాన్పూర్‌కు అమెరికా, బొంబాయికి యునెస్కో ద్వారా సోవియట్ యూనియన్, ఢిల్లీకి బ్రిటన్ అండగా నిలిస్తే, హైదరాబాద్ వంతుకు జపాన్ వచ్చింది.

జపాన్ సాయం అనగానే ఊరికే ఇచ్చారనుకుంటారు. భవనాలకు వచ్చింది జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకా అప్పు, 2014లో ఒప్పందాలయ్యాయి. వడ్డీ తక్కువే, కానీ తీర్చాలి. నాకు డబ్బు కన్నా మిగతాది నచ్చింది: టోక్యో విశ్వవిద్యాలయం ఆర్కిటెక్టులు డిజైన్‌లో పాలుపంచుకున్నారు, ఇక్కడి పిల్లలు స్కాలర్‌షిప్‌తో అక్కడికి పోయి పరిశోధన చేస్తున్నారు. సుజుకీ ఇన్నోవేషన్ సెంటర్ కూడా లోపలే ఉంది. "మామా, నేనూ జపనీస్ నేర్చుకుంటా" అని మా పిల్ల అప్పుడే మొదలుపెట్టింది. ముందు మ్యాథ్స్ సంగతి చూడవే అన్నాను.

మన అన్నెపర్తి దగ్గరి మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. ఇంచుమించు ఒకే ఈడువి. వాటికీ ఇలా ఒక దేశం తోడుంటే ఎట్లుండేదో అని కొంచెం కుళ్లుకున్నాను, దాచుకోవడమెందుకు!

బస సంగతి: మేం సంగారెడ్డిలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు ఉన్నాయని చెప్పి, పొద్దున బకెట్టుకు విడిగా డబ్బులడిగారు. రాత్రంతా హైవే లారీల హారన్లు. అడ్మిషన్ల సమయంలో రేట్లు కూడా పెంచేస్తారు, బేరమాడండి. పెద్దవాళ్లు వెంట ఉంటే మియాపూర్ వైపు బస చేసి పొద్దున్నే బయల్దేరడం మేలనిపించింది. తిండికి ఇబ్బంది లేదు, హైవే దాబాల్లో రోటీ, పప్పు బాగున్నాయి.

కారున్నవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ముత్తంగి దగ్గర దిగండి. టోల్ తగిలినా సిటీ ట్రాఫిక్ టెన్షన్ ఉండదు.